పదవతరగతి పిమ్మట మన పిల్లల చదువు: రైతు తెలిసికొనవలసిన సంగతులు



ఈ పత్రికలో విత్తనమును గూర్చియో, ఎఱువును గూర్చియో, తెగులును గూర్చియో పాఠము వ్రాయుట మాకు వాడుక. ఈ మాసపు పాఠము పైరును గూర్చినది కాదు, పిల్లల చదువును గూర్చినది. సహకారసంఘ పత్రికకు దీనితో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. భూమి కొనుట యటుంచినచో, రైతు కుటుంబము చేయు ఖర్చులలో మిక్కిలి పెద్దవి పెండ్లియు, చదువును. పంటకని తెచ్చిన అప్పు కళాశాల రుసుమునకు మఱలుట మన మెఱుగని సంగతి కాదు. కావున ఇది ఇంటి సంగతియే కాక సంఘపు సంగతియు నైయున్నది.

ఎడ్లజత కొనవలసి వచ్చినప్పుడు మన మెట్లు వ్యవహరింతుము? రెండు మూడు సంతలు తిరుగుదుము. పండ్లు చూతుము, సుడులు చూతుము, అరక కట్టి నడిపించి చూతుము, తెలిసినవారిని నలుగురిని అడుగుదుము. కాని బిడ్డ ముప్పది నలువది యేండ్ల బ్రదుకును నిర్ణయించు చదువును మాత్రము, పదవతరగతి ఫలితములు వచ్చిన పిదప, ఏదో కళాశాల తరపున ఇంటికి వచ్చిన మనిషి మాట విని ఒక సాయంకాలములో తేల్చివేయుదుము. ఈ పాఠమున మేము చెప్పబోవునది ఆ తొందరకు మందు.

మన ప్రాంతపు స్థితి

హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, టెక్కలి ప్రక్కల వరిపొలములు గలవు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములలో కొబ్బరియు, జీడియు, పనసయు ముఖ్యము. ఉద్యానవనము వంటి సీమ గనుకనే దీనికి ఉద్దానమను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను ఈ తోటలను ఎట్లు నేలమట్టము గావించెనో మనము కన్నులార చూచితిమి. నాటు కొబ్బరిమొక్క నాటిన పిదప కాపునకు వచ్చుటకు ఆఱేడు సంవత్సరములు పట్టును. ఆఱవతరగతిలో చేరిన బిడ్డ ఇంటర్మీడియెట్ ముగించుటకును ఏడు సంవత్సరములే పట్టును.

తోట పడిపోయిన యేట బడి మానిపించి పిల్లవానిని కూలికో, వలసకో పంపుట సులువైన ఉపాయముగా తోచును. కాని తోట మరల కాపునకు వచ్చునప్పటికి వాని చదువు వయస్సు దాటిపోవును. చెట్టును మరల నాటవచ్చును గాని, దాటిన యేండ్లను నాటలేము. కావున కష్టకాలమున ముందుగా నిలుపుకొనవలసినది బిడ్డ బడియే యని మా దృఢమైన అభిప్రాయము. ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవతరగతి చదువు పిల్లలకు జాతీయ ప్రతిభా ఉపకారవేతనపు పరీక్ష యొకటి గలదు. అందు నెగ్గినవారికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియెట్ ముగియు వఱకు సాలుకు 12,000 రూపాయలు చొప్పున వచ్చును. తల్లిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలు మించరాదు. ఇట్టి పరీక్ష గలదని ఎఱుగకయే ఎనిమిదవ తరగతిని దాటించువారు మనలో ననేకులు గలరు.

1. ముందు బిడ్డను పరీక్షింపుడు

నేలను పరీక్షింపక విత్తనము చల్లవద్దని మేము మీకు తఱచుగా చెప్పుచుందుము. చదువునకును అదియే సూత్రము. ఎదురింటివాని కుమారుడు ఇంజనీరైనాడు గనుక మనవాడును కావలెననుట, ఎదురు పొలమున చెఱకు బాగుగా పండినది గనుక మన ఇసుకనేలలో కూడ చెఱకే వేయుదు మనుట వంటిది.

ఈ పరీక్షకు మూడు సాధనములు గలవు.

మొదటిది మార్కుల పట్టిక. పదవతరగతి మార్కులు మాత్రమే చూడక, ఎనిమిదవ తరగతినుండి ఏ విషయమున బిడ్డ నిలుకడగా నుండెనో చూడుడు. ఒక్క పరీక్షలో వచ్చిన హెచ్చు మార్కులకంటె మూడేండ్ల నిలుకడ నమ్మదగినది.

రెండవది ఇంటి లెక్క. బట్టీపట్టిన చదువునకును, అర్థమైన చదువునకును భేదము ఇట్లు తెలియును. ఎకరమునకు 200 లీటర్ల నీరు కావలెననియు, లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు కలుపవలెననియు చెప్పి, 40 సెంట్ల మడికి మందెంత కావలెనో బిడ్డను అడుగుడు. ఎకరమునకు 400 మిల్లీలీటర్లు గనుక 40 సెంట్లకు 160 మిల్లీలీటర్లని సంతోషముగా లెక్క కట్టిన బిడ్డకు గణితము పొసగును. లెక్క సంగతి యటుంచి, ఆ మందు ఏ పురుగునకు, అది ఆకును ఏ వైపున తినుచున్నది యని అడిగి పొలమునకు పరుగెత్తు బిడ్డకు జీవశాస్త్రము పొసగును. మందు వెల యెంత, ఇంతకు తక్కువలో ఎవరు అమ్ముదురు అని అడుగు బిడ్డకు వాణిజ్యము పొసగును. ఇది తుది తీర్పు కాదు, గుఱుతు మాత్రమే. అయినను మంచి గుఱుతు.

మూడవది మాట. పిల్లలు తండ్రి యెదుట, పెద్దల నడుమ తమ మనసులోని మాట చెప్పరు. తల్లియో, మేనత్తయో, అన్నగారో వేఱుగా కూర్చుండబెట్టుకొని అడుగవలెను. పాఠశాలలోని లెక్కల మాస్టరును, సైన్సు మాస్టరును తండ్రి స్వయముగా పోయి అడుగవలెను. మూడేండ్లు బిడ్డను చూచిన ఉపాధ్యాయునికి తెలిసినది, మూడు నిమిషములు చూచిన కళాశాల ప్రతినిధికి తెలియదు.

2. పదవతరగతి పిమ్మట నైదు దారులు

పదవతరగతి తరువాత ఇంటర్మీడియెట్ ఒక్కటే దారి యని అనేకులు తలచుదురు. దారు లైదు గలవు.

మొదటి దారి ఇంటర్మీడియెట్. రెండు సంవత్సరములు. దీనిని గూర్చి ముందు వివరింతుము.

రెండవ దారి ట్రిపుల్ ఐటీ యని మనము పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. ఇది 2008లో గ్రామీణ విద్యార్థుల కొఱకు స్థాపింపబడినది. మన జిల్లాలో ఎచ్చెర్లయందు దీని ప్రాంగణము 2016లో ప్రారంభమైనది. పదవతరగతి మార్కులను బట్టి ప్రవేశము. చదువు ఆఱు సంవత్సరములు. మొదటి రెండును ఇంటర్మీడియెట్‌తో సమానమైనవి, పిదప నాలుగును ఇంజనీరింగు. వసతిగృహము లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి ఎంపికలో నూటికి నాలుగు వంతున అదనపు మార్కులు కలుపు పద్ధతి గలదు. మన పల్లె బడిలో చదివిన బిడ్డకు ఇది గొప్ప లాభము.

మూడవ దారి పాలిటెక్నిక్. పాలిసెట్ పరీక్ష వ్రాయవలెను. మూడు సంవత్సరముల డిప్లొమా. ముగించినవాడు పనిలో చేరవచ్చును, లేదా ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. ఈ పరీక్షకు దరఖాస్తు గడువు పదవతరగతి ఫలితములకు ముందే ముగియవచ్చును గనుక ఫలితముల కొఱకు కాచుకొని కూర్చుండరాదు.

నాలుగవ దారి వ్యవసాయ, ఉద్యాన పాలిటెక్నిక్. విశ్వవిద్యాలయములే వీనిని నడుపుచున్నవి. పదవతరగతి తరువాత రెండు సంవత్సరముల డిప్లొమా. ప్రతిభ గలవారు అగ్రిసెట్ వ్రాసి వ్యవసాయ పట్టపు తరగతికి పోవచ్చును.

ఐదవ దారి ఐ.టి.ఐ. వెల్డరు వంటి పనులకు ఒక సంవత్సరము, ఎలక్ట్రీషియను, ఫిట్టరు వంటి పనులకు రెండు సంవత్సరములు. తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద జీతముతో కూడిన శిక్షణ దొరకును. విశాఖపట్టణమున నౌకాదళపు డాక్‌యార్డు మొదలైన పెద్ద కర్మాగారములు ఐ.టి.ఐ. వారిని అప్రెంటిసులుగా తీసికొనుచుండును. చేతిపనియందు నేర్పుగల పిల్లవానిని, పుస్తకము ముందు కూర్చుండ లేకపోయెనని తిట్టుటకంటె, ఈ దారిని పెట్టుట మేలు. మోటారు బాగుచేయువాడు రాక నాలుగు దినములు పైరు ఎండబెట్టుకొన్న రైతునకు ఆ పని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

3. ఇంటర్మీడియెట్‌లో ఏ విభాగము?

ఇక్కడ జరుగు పొరపాటు దిద్దుకొనుటకు కష్టమైనది. ఒక్కొక్క విభాగము కొన్ని తలుపులు తెఱచును, కొన్నిటిని మూయును.

గణితము, భౌతికము, రసాయనములు గల ఎం.పి.సి. ఇంజనీరింగునకు పోవును. బి.ఎస్సీ., రక్షణశాఖలు, వ్యవసాయ ఇంజనీరింగు కూడ దీని దారులే. జీవశాస్త్రములు గల బై.పి.సి. వైద్యము, వ్యవసాయము, ఉద్యానము, పశువైద్యము, మత్స్యశాస్త్రము, నర్సింగు, ప్రయోగశాల పనులకు పోవును. ఔషధశాస్త్రమునకు రెండు విభాగములవారును పోవచ్చును. సి.ఇ.సి., ఎం.ఇ.సి. విభాగములు వాణిజ్యమునకును, లెక్కల తనిఖీకిని, న్యాయశాస్త్రమునకును, బ్యాంకులకును పోవును. హెచ్.ఇ.సి. ఉపాధ్యాయవృత్తికిని, ప్రభుత్వోద్యోగ పరీక్షలకును అనుకూలము.

బై.పి.సి. అనగా డాక్టరు కావలెను, లేనిచో సర్వము పోయినట్లే యని తలచుట పొరపాటు. నీట్ పరీక్షలో సీటు రాని బిడ్డకు పైని చెప్పిన దారు లన్నియు తెఱచియే యుండును. మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో అందఱికిని తెలియును. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన మూత్రపిండ వ్యాధి పరిశోధన కేంద్రముతో కూడిన ఆసుపత్రి ప్రారంభింపబడినది. అట్టి ఆసుపత్రులకు డాక్టర్లు మాత్రమే చాలరు. నర్సులు, డయాలిసిస్ యంత్రము నడుపువారు, రక్తపరీక్షలు చేయువారు కావలెను. ఈ చదువులకు మన యూరి బిడ్డలు పోయినచో, రోగికి వాని మాటలోనే ధైర్యము చెప్పగలవారు దొరకుదురు.

4. వ్యవసాయపు చదువును, సహకారపు చదువును

ఒకప్పుడు తెలుగు రైతుబిడ్డ వ్యవసాయశాస్త్రము చదువవలెనన్న కోయంబత్తూరు పోవలసియుండెను. 1945లో బాపట్ల కళాశాల ఏర్పడినది. నేడు మన జిల్లాలోనే, నైరయందు, వ్యవసాయ కళాశాల గలదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద నాలుగు సంవత్సరముల బి.ఎస్సీ. చదువు నక్కడ చెప్పుచున్నారు. ఉద్యానశాస్త్రమునకు పశ్చిమగోదావరి వెంకటరామన్నగూడెమున వేఱు విశ్వవిద్యాలయము గలదు. జీడి, కొబ్బరి, పనసలతో బ్రదుకు మన సీమకు ఇంతకంటె దగ్గఱి చదువు లేదు.

రాష్ట్ర ప్రవేశపరీక్షలో వ్యవసాయ విభాగపు పరీక్ష వ్రాయవలెను. ఈ సీట్లలో రైతుబిడ్డల కొఱకు ప్రత్యేకించిన వాటా యున్నదను సంగతి మన సభ్యులు ముఖ్యముగా గుఱుతుంచుకొనవలెను. తల్లిదండ్రుల పేర భూమియున్నట్లు పట్టాదారు పాసుపుస్తకమును, గ్రామీణ ప్రాంతమున చదివినట్లు ధ్రువపత్రములును అడుగుదురు. ఆ యేటి ప్రకటనలోని నిబంధనలు చదివి కాగితములు ముందే సిద్ధము చేసికొనుడు. తాతగారి పేరనే నిలిచిపోయిన భూమిని, బిడ్డ ఇంటర్మీడియెట్‌లో చేరిన నాడే, తమ పేరునకు మార్పించుకొనుట వివేకము. ఆ పని సీటు వచ్చిన వారములో కాదు.

వ్యవసాయము చదివినవాడు మరల పొలమున దిగడను మాట కొంత నిజమే. అయినను 2019 అక్టోబరులో గ్రామసచివాలయములు ఏర్పడినప్పుడు వ్యవసాయ, ఉద్యాన సహాయకులుగా డిప్లొమా, పట్టము గల యువకులు వేలకొలది పల్లెలకే వచ్చిరి. ఇట్టి నియామకములు ప్రతియేటను ఉండవు గనుక దానిమీదనే ఆధారపడరాదు. విత్తన, యంత్ర వ్యాపారములు, బ్యాంకుల వ్యవసాయ శాఖలు, ఆహారపదార్థముల తయారీ ఇవన్నియు నున్నవి. పలాస జీడిపప్పు దేశమంతట అమ్ముడుపోవుచున్నది. గింజను శుద్ధిచేసి, గ్రేడు కట్టి, నిలువచేసి, మంచి ధరకు అమ్ముటకు చదువు కావలెనో కాదో మీరే యోచింపుడు.

సహకారమునకును చదువు గలదు. పాల సహకారోద్యమముతో ప్రసిద్ధిగాంచిన ఆనందుపట్టణమున వర్గీస్ కురియన్ 1979లో గ్రామీణ నిర్వహణ సంస్థను స్థాపించిరి. 2025లో పార్లమెంటు చేసిన చట్టముచే అదియే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయ మైనది. కైరా జిల్లాలో రైతులను కూర్చి 1946లో పాల సంఘము నెలకొల్పిన త్రిభువన్‌దాస్ పటేలు పేరు దానికి పెట్టిరి. లెక్కలు వచ్చి, పదిమందితో మెలగనేర్చిన బిడ్డ యున్నచో ఈ దారిని చూపింపుడు. మన సంఘములకు రేపు కార్యదర్శులు ఎచ్చటనుండియో దిగిరారు.

5. ఆడపిల్లల చదువు

ఊరిలో బడి యున్నంతవఱకు ఆడపిల్ల చదువును. కళాశాల టెక్కలిలోనో, పలాసలోనో యున్నప్పుడు చదువు ఆగిపోవును. కారణము మార్కులు కాదు, బస్సు. సాయంకాలము ఆలస్యమగునని భయము, ఊరివారి మాట. ఈ అడ్డంకిని ఒక్క తండ్రి తొలగింపలేడు గాని సంఘము తొలగింపవచ్చును. ఒకే ఊరినుండి నలుగురు బాలికలు ఒకే కళాశాలలో చేరినచో కలసి పోయి కలసి వత్తురు. అందఱి తండ్రులును కలసి అడిగినచో బస్సు వేళ మార్పించుటయు, ఆటో కుదుర్చుకొనుటయు సాధ్యమగును. 2004లో ప్రారంభమైన కస్తూరిబా బాలికా విద్యాలయములలో ఇంటర్మీడియెట్ తరగతులు కూడ పలుచోట్ల నున్నవి. అచ్చట వసతియు, భోజనమును ఉచితము.

పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. చట్టమటుంచి లెక్క చూడుడు. నర్సింగు ముగించిన కుమార్తె తన కాళ్లపై నిలుచును. కట్నమునకని కూడబెట్టిన ధనములో సగము చదువునకు పెట్టినను ఆమెకు జీవితాంతము కూడువచ్చును. భర్త రోగగ్రస్తుడైన ఇంట భార్యకు చదువున్నచో ఆ యిల్లెట్లు నిలుచునో, లేనిచో ఎట్లు కూలునో ఉద్దానమువారికి మేము చెప్పవలసిన పనిలేదు.

6. ఖర్చును, అప్పును

సీట్లు రెండు విధములు. ప్రవేశపరీక్షలో ర్యాంకును బట్టి కన్వీనరు ఇచ్చునవి కొన్ని, యాజమాన్యము తన వాటాక్రింద అమ్ముకొనునవి కొన్ని. ప్రభుత్వపు రుసుము తిరిగిచెల్లింపు కన్వీనరు సీటునకే గాని యాజమాన్యపు సీటునకు వర్తింపదు. రుసుమంతయు ప్రభుత్వమే యిచ్చునని ఎవరైన చెప్పినచో, ఏ వాటా సీటో కాగితముపై వ్రాయించుకొనుడు.

అప్పు తప్పనిచో ఏ అప్పు? లెక్క చూపుటకై ఒక ఉదాహరణము. నాలుగేండ్ల చదువునకు ఏటేట మొదట లక్ష రూపాయలు కావలెననుకొందము. షావుకారు వద్ద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో సాలుకు నూటికి 24 అగును. మొదటి లక్షపై నాలుగేండ్ల వడ్డీ 96,000, రెండవదానిపై 72,000, మూడవదానిపై 48,000, నాలుగవదానిపై 24,000. మొత్తము వడ్డీ 2,40,000. చదువు ముగియునాటికి బాకీ 6,40,000 రూపాయలు. అదియే బ్యాంకు విద్యారుణమును సాలుకు నూటికి 10 వంతున సాధారణ వడ్డీపై తీసికొన్నచో వడ్డీ 1,00,000, బాకీ 5,00,000. భేదము 1,40,000 రూపాయలు. ఇంతే కాదు. షావుకారు ప్రతినెల అడుగును. బ్యాంకు విద్యారుణమునకు చదువు ముగిసిన పిదప ఒక సంవత్సరము వఱకు వాయిదా కట్టనక్కఱలేదు.

నాలుగు లక్షల రూపాయల లోపు విద్యారుణమునకు బ్యాంకులు భూమిని తాకట్టు అడుగరాదు. తల్లియో తండ్రియో జతగా సంతకము చేసిన చాలును. విద్యాలక్ష్మి యను ప్రభుత్వ వేదికద్వారా దరఖాస్తు చేయవచ్చును. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మంగీకరించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేసిన ఉత్తమ విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టును, హామీదారును లేకయే రుణము దొరకును. కుటుంబపు ఆదాయము 8 లక్షల లోపైనచో, 10 లక్షల వఱకు రుణముపై, చదువు కాలమున వడ్డీలో నూటికి 3 వంతు ప్రభుత్వమే భరించును.

మా సలహా యొక్కటి. యాజమాన్యపు సీటు కొఱకు పొలము అమ్మవద్దు. ర్యాంకు రాని బిడ్డను పెద్ద రుసుముతో పెద్ద కళాశాలలో చేర్చినచో, చదువు బరువు వానిపైనను, అప్పు బరువు మీపైనను పడును. ఆ ధనములో కొద్దిపాటితో అతనికి తగిన చదువు దొరకును.

7. జాగ్రత్తలు

మన జిల్లా యువకులు సైన్యమునకు పోవుట గౌరవమైన సంప్రదాయము. 2022 జూనులో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి ప్రకారము కొలువు నాలుగేండ్లే. నూటికి 25 మందికి మించకుండ స్థిరముగా ఉంచుకొందురు. కావున ఇరువదిరెండేండ్లకు ఇంటికి తిరిగివచ్చు అవకాశము నెదుట పెట్టుకొని, ఇంటర్మీడియెట్ ముగించియే పోవుట మేలు. తిరిగివచ్చిన నాడు పై చదువునకు తలుపు తెఱచియుండును.

విదేశములలో పనికి పోదలచినవారు పదవతరగతి తప్పక ముగింపవలెను. గల్ఫ్ దేశములతో కూడ పదునెనిమిది దేశములకు, పదవతరగతి నెగ్గనివారు వలస అనుమతి పొందనిదే పోరాదు. ఆ అనుమతి వారి రక్షణ కొఱకే. అయినను దానిని తప్పించుటకు దొంగదారి చూపు దళారులు గలరు. 1983 నాటి వలసచట్టము క్రింద నమోదైన ఏజెంటు మాత్రమే మనుష్యులను పంపవచ్చును. అతడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును. లక్షలడుగువాడు చట్టము మీఱినవాడు.

8. పరీక్ష తప్పినచో

ఒక పైరు పోయినచో రైతు పొలము వదలిపెట్టడు. ఋతువును చూచి మఱియొక విత్తనము వేయును. ఇంటర్మీడియెట్ తప్పిన బిడ్డకు కొన్ని వారములలోనే మరల పరీక్ష వ్రాయు అవకాశ మిత్తురు. బడి మానినవారికి సార్వత్రిక విద్యాపీఠము గలదు. ఫలితములు వచ్చిన దినమున ఇంటిలో ఎవ్వరును పెద్దగొంతుతో మాటలాడరాదు. బిడ్డను ఒంటరిగా విడువరాదు. ఇట్టి దినములలో ప్రాణము తీసికొన్న పిల్లలను గూర్చి మన రాష్ట్రమున ఏటేట వినుచున్నాము. దుఃఖములో మునిగిన బిడ్డకు 14416 అను ఉచిత ఫోను సంఖ్యపై పగలు రాత్రి సలహాదారులు పలుకుదురు. అంతకంటె ముందు, తండ్రి చేయి భుజముపై పడవలెను.

ఆలస్యముగా చదివినవాడు వెనుకబడినవాడు కాడనుటకు మన సీమవారే సాక్షి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. మెట్రిక్యులేషను కాగానే పర్లాకిమిడిలో ఉపాధ్యాయోద్యోగమున చేరిరి. ఉద్యోగము చేయుచునే ప్రయివేటుగా చదివి పట్టభద్రులైరి. కొండలలోని సవరల భాష నేర్చి, వారి పిల్లల కొఱకు పుస్తకములు వ్రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. మొదట చేరిన తరగతిని బట్టి మనుష్యుని తూచరాదు.

సంఘము చేయదగిన పని

ప్రతిసంవత్సరము జనవరిలో, పరీక్షలకు ముందు, సంఘకార్యాలయమున ఒక సాయంకాలము పదవతరగతి పిల్లలను, వారి తల్లిదండ్రులను పిలువుడు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని, ఆమదాలవలస కృషివిజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞుని, బ్యాంకు మేనేజరును, మన యూరినుండి పోయి చదువుచున్న ఇద్దఱు విద్యార్థులను ఆహ్వానింపుడు. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములు, ఆధారు, బ్యాంకు ఖాతా ఎవరికి లేవో పట్టిక వ్రాసి మార్చిలోపల పూర్తిచేయింపుడు. దరఖాస్తుల గడువు తేదీలను ధరల పట్టిక ప్రక్కనే బోర్డుపై వ్రాయింపుడు. దీనికి సంఘమునకగు ఖర్చు టీ, బిస్కత్తులు మాత్రమే.

సభ్యులు సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున ఈ యేడు పదవతరగతి వ్రాయువారెందఱు? అందు బాలికలెందఱు?
2. గడచిన మూడేండ్లలో పదవతరగతితో చదువు మానినవారెవరు? కారణము మార్కులా, డబ్బా, బస్సా?
3. ఎనిమిదవతరగతి పిల్లలలో ఉపకారవేతనపు పరీక్షకు దరఖాస్తు పెట్టినవారెందఱు?
4. చదువు కొఱకు షావుకారు అప్పు తెచ్చిన సభ్యులకు బ్యాంకు రుణము ఇప్పించుటకు సంఘమేమి చేయగలదు?

ఈ ప్రశ్నలకు జవాబులు సభ్యులు కూడి వ్రాసి పంపినచో, ఏ యూరికి ఏ సమాచారము కొఱతగా నున్నదో చూచి, రాబోవు సంచికలలో దానిని విపులముగా వ్రాయుదుము.